షెడ్డే కదా అని వదిలేయొద్దు: మా సంఘం వినతిపత్రం మీద మీ మాట కావాలి

విభాగం: గోదావరి జిల్లాల రైతు చర్చ

1. తణుకు షెడ్డు మేస్త్రి

అందరికీ నమస్కారమండి. నేను 22 ఏళ్లుగా షెడ్లు కడుతున్నాను. కోళ్ల ఫారాలు, పశువుల పాకలు, రొయ్యల చెరువుల దగ్గర మేత గోడౌన్లు, ధాన్యం పోసుకునే షెడ్లు, అన్నీ. మా చుట్టుపక్కల మండలాల్లో ఈ పని చేసేవాళ్లం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. ఇన్నాళ్లూ సంఘం కూర్చుందంటే ఐరన్ రేటు పెరిగింది, మనం అడుగుకి ఎంత పెంచుదాం అన్న మాటే. ఈసారి వేరే పని పెట్టుకున్నాం. పొలాల్లో కట్టే షెడ్ల గట్టిదనం మీద, వాటి మీద పనిచేసే మనుషుల భద్రత మీద కలెక్టర్ గారికీ, వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల వాళ్లకీ ఒక వినతిపత్రం ఇవ్వబోతున్నాం.

ఎందుకొచ్చిందో చెప్తాను. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి నా ఫోను ఆగలేదు. మొదట వెళ్లిన చోట షెడ్డు షెడ్డంతా పక్క చేలో వెల్లకిలా పడి ఉంది. రేకులు ఊడలేదు, ట్రస్సులు (కప్పుని మోసే ఇనప చట్రాలు) వంగలేదు. స్తంభాలు మాత్రం కింద కాంక్రీటు ముద్దలతో సహా భూమిలోంచి పైకి లేచొచ్చాయి. పిలక తెగకుండా పీకిన వరి దుబ్బులా ఉంది. ఆ షెడ్డు నేను కట్టింది కాదు. కానీ అంతే లోతు గుంటలో, అంతే కాంక్రీటుతో నేనూ ఎన్నో కట్టాను. ఆ రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు.

వినతిపత్రంలో మేం రాసుకున్నది ఇది. షెడ్డుకి కొటేషన్ ఇచ్చేటప్పుడు అడుగు రేటు ఒక్కటే కాకుండా పైపు మందం, బోల్టు సైజు, పునాది కొలత కాగితం మీద రాసివ్వాలి. తీర మండలాలకు గాలికి తట్టుకునే నమూనా డ్రాయింగులు ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి. సబ్సిడీ మీద కట్టే పశువుల షెడ్లకి ముందు ఇది వర్తించాలి. కరెంటు లైను కింద పని ఉంటే సరఫరా ఆపించాకే ఇనుము లేపాలి. రేకు మీదకి మనిషిని ఎక్కించే ముందు తాడు, చెక్క, బెల్టు సిద్ధంగా ఉండాలి.

రైతులు ఏమంటారో తెలియకుండా ఇది ఇవ్వడం నాకు ఇష్టం లేదు. మొహమాటం లేకుండా చెప్పండి.

2. అనపర్తి కోళ్ల రైతు

మేస్త్రి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మా వైపు నుంచి కూడా చూడండి. 30 అడుగుల వెడల్పు, 300 అడుగుల పొడవు షెడ్డు అంటే 9 వేల చదరపు అడుగులు. మీరు అడుగుకి వంద పెంచితే నాకు 9 లక్షలు. గుడ్డు రేటు నా చేతిలో లేదు, మేత రేటు అసలే లేదు. బ్యాంకు వాయిదా మాత్రం నెల నెలా నాదే. రూలు పెట్టించండి అని మీరే వెళ్లి అడిగితే, రేపు ఆ రూలు పేరు చెప్పి ఫారం ఫారానికీ తిరిగేవాళ్లు తయారవుతారు. ఆ భయం నాది.

3. ఉండి వెల్డింగ్ కుర్రాడు

అన్నా, పని చేసేవాడి మాట కూడా వినండి. 2 మిల్లీమీటర్ల పైపు అని మాట్లాడుకుంటారు, సైటులో దిగేది 1.6. రంగు వేశాక ఎవరికీ తెలీదు. ఓనరు అడగడు, మేస్త్రి చెప్పడు. వెల్డింగ్ పెట్టేటప్పుడు నాకు తెలుస్తుంది, పలచటి పైపు టక్కున చిల్లు పడిపోద్ది. అందుకే కాగితం మీద రాయాలన్న మాట నాకు నచ్చింది.

బెల్టు సంగతి. బెల్టు ఇస్తే వేసుకుంటాం అన్నా, కానీ దాని కొక్కెం దేనికి తగిలించాలి? ఇంకా బిగించని పర్లిన్‌కి (రేకు కింద అడ్డంగా వేసే ఇనప పట్టీ) తగిలిస్తే నాతోపాటు అదీ వస్తుంది. ముందు ట్రస్సు నుంచి ట్రస్సుకి ఒక గట్టి తాడు లాగి కట్టాలి. ఆ తాడు కట్టడానికి గంట పడుతుంది. ఆ గంటకి కూలి ఎవరిస్తారు అన్నదే అసలు గొడవ. వినతిపత్రంలో బెల్టు అని రాశారు, తాడు కట్టే గంట రాయలేదు.

4. తణుకు షెడ్డు మేస్త్రి

తమ్ముడూ, రాస్తాను. కొటేషన్‌లోనే ఆ గంట విడిగా ఉండాలి.

5. కొబ్బరితోట కోడలు

నేను షెడ్లు కట్టేదాన్ని కాదు, కట్టించేదాన్నీ కాదు. మాది అమలాపురం దగ్గర. మా ఇంట్లో జరిగింది చెప్పాలనిపించింది.

మా దొడ్లో కొబ్బరికాయలు రాశి పోసుకునే షెడ్డు ఉంది. సిమెంటు రేకులది, మా మామగారి హయాంలో వేసింది. తొలకరికి ముందు ఒకచోట కారుతోందని మా మరిది పైకెక్కాడు. ఎప్పుడూ ఎక్కేవాడే. కొబ్బరిచెట్టు ఎక్కే మనిషికి 14 అడుగుల షెడ్డు ఒక ఎత్తా అనుకున్నాం. రేకు నాచు పట్టి నల్లగా ఉంది. నాలుగు అడుగులు వేశాడు, ఐదో అడుక్కి రేకు విరిగి కిందకొచ్చేశాడు. కింద కాయల రాశి లేదు, గచ్చు. వెన్ను దెబ్బతింది. ఇప్పుడు కూర్చోగలడు, నడవలేడు. వయసు 31.

ఒక చెప్పు మాత్రం రేకు మీదే ఉండిపోయింది. దాన్ని తీయడానికి కూడా ఇంకెవర్నీ పైకి ఎక్కనివ్వలేదు మా అత్తయ్య. రెండు వానాకాలాలు అక్కడే ఉంది. వాకిలి ఊడ్చేటప్పుడు తలెత్తితే కనపడేది.

మీ కాగితంలో కొత్త షెడ్ల గురించి చాలా రాశారు. పాత షెడ్ల మీదకి ఎక్కేవాళ్ల గురించి కూడా రాయండి. మా ఊళ్లో ఇప్పటికీ వాన ముందు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు రేకు ఎక్కుతూనే ఉన్నారు.

6. తణుకు షెడ్డు మేస్త్రి

అమ్మా, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పాత సిమెంటు రేకు గురించి నాకు తెలిసింది ఇక్కడే రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. సిమెంటు రేకు మనిషి బరువు మోయడానికి చేసింది కాదు. కింద పర్లిన్‌కీ పర్లిన్‌కీ మధ్య నాలుగున్నర అడుగుల దాకా ఖాళీ ఉంటుంది, ఆ మధ్యలో కాలు పెడితే అదృష్టం మీద నిలవడమే. పైనుంచి చూస్తే బోల్టులు వరసగా కనిపిస్తాయి కదా, ఆ వరస కింద పర్లిన్ ఉంటుంది. అక్కడ కూడా నేరుగా కాలు పెట్టకూడదు. రెండు మూడు పర్లిన్ల మీద ఆనేలా పొడుగాటి చెక్కలు వేసుకుని, వాటి మీద పాకుతూ వెళ్లాలి. వెలుతురు కోసం వేసిన ఫైబరు రేకు ఇంకా ప్రమాదం. దుమ్ము పట్టాక పక్క రేకుల్లో కలిసిపోయి కనిపించదు. అన్నిటికన్నా మంచిది, కింద నుంచి నిచ్చెన వేసుకుని లోపలి వైపు నుంచి పగులు పూడ్చడం. పైకి ఎక్కక తప్పదంటే ఒంటరిగా ఎక్కొద్దు, తడిసిన రేకు మీద అసలు వద్దు.

ఇది వినతిపత్రంలో మొదటి పేరాగా పెడతాను.

7. కాకినాడ సివిల్

ఆలస్యంగా చూశాను. నేను స్ట్రక్చరల్ డిజైన్ చేస్తుంటాను. మేస్త్రి గారు మొదట చెప్పిన ఆ లేచొచ్చిన స్తంభాల గురించి లెక్క వేసి చూపిస్తాను. షెడ్డు మీద కిందికి నొక్కే బరువు కన్నా పైకి లాగే గాలి ఎక్కువ అన్న సంగతి మనవాళ్లు నమ్మరు.

గాలి భారానికి మనకున్న ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, 2015లో సవరించారు. అందులో మన తీరానికి ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకి 180 కిలోమీటర్లు. మొంథా గాలి తీరం దాటేటప్పుడు గంటకి 90 నుంచి 100, విసురు 110 దాకా. అంటే మన షెడ్లు లేచిపోయింది లెక్క ప్రకారం తట్టుకోవాల్సిన గాలికి కాదు, దాంట్లో సుమారు 60 శాతం వేగానికి. ఒత్తిడి గాలివేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణించినదాన్ని) బట్టి పెరుగుతుంది కాబట్టి, ఒత్తిడిలో చూస్తే 40 శాతం లోపే.

వ్యవసాయ షెడ్లకి ఆ ప్రమాణంలోనే ఒక తగ్గింపు ఉంది. మూల వేగాన్ని 0.90తో గుణించుకోవచ్చు. 50 కాస్తా 45 అవుతుంది. ఆ వేగానికి చదరపు మీటరు మీద ఒత్తిడి 1,215 న్యూటన్లు, అంటే దాదాపు 124 కిలోలు. ఇప్పుడు 30 అడుగులు వెడల్పు, 60 అడుగులు పొడవున్న చిన్న షెడ్డు తీసుకోండి. కప్పు 167 చదరపు మీటర్లు. స్థూలంగా మొత్తం పైకి లాగే బలం 20 టన్నుల పైచిలుకు. రేకులు, పర్లిన్లు, ట్రస్సులు అన్నీ కలిపి ఓ 3 టన్నులు బరువుంటాయి. మిగతా 17 టన్నుల పైగా లాగుడు పునాదులే పట్టుకోవాలి. పది అడుగులకో స్తంభం చొప్పున రెండు వైపులా కలిపి 14 స్తంభాలు. ఒక్కోదాని మీద టన్నుంబావు పైకి లాగుతుంది.

మన దగ్గర మామూలుగా తీసే గుంట అడుగున్నర చదరం, రెండడుగుల లోతు. అందులో పట్టే కాంక్రీటు నాలుగున్నర ఘనపుటడుగులు, బరువు 300 కిలోలు. టన్నుంబావు ఎక్కడ, 300 కిలోలు ఎక్కడ?

ఇంకో సంగతి. తుపాను రోజున డెల్టాలో భూమి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నీరు నేలమట్టానికి వచ్చేస్తుంది. నీళ్లలో మునిగిన కాంక్రీటు ఘనపు మీటరుకి ఒక టన్ను చొప్పున తేలికైపోతుంది. 2.4 టన్నులది 1.4 అవుతుంది. గాలి ఎక్కువగా లాగే రాత్రే పునాది బరువు తక్కువగా ఉంటుంది. రాయలసీమలో నిలిచిన గుంట ఇక్కడ నిలవకపోవడానికి ఇదే కారణం.

ఇది నమూనా లెక్క మాత్రమే. కప్పు వాలు, పక్కగోడలు ఎన్ని వైపులా తెరిచి ఉన్నాయి అన్నదాన్ని బట్టి మారుతుంది. దీన్ని పట్టుకుని కట్టేయకండి.

8. అనపర్తి కోళ్ల రైతు

సివిల్ గారూ, లెక్క బాగా అర్థమయ్యేలా చెప్పారు. అయితే దీనికి ఖర్చు ఎంత? గుంట మూడు నాలుగు రెట్లు కాంక్రీటుతో నింపితే నేను మోయగలనా?

ఇంకోటి. ప్రమాణమే మాకు 0.90 అని తగ్గింపు ఇచ్చిందంటున్నారు. అంటే పొలం షెడ్డుకి అంత గట్టితనం అక్కర్లేదని పెద్ద ఇంజనీర్లే ఒప్పుకున్నట్టు కదా. మరి దాని మీద ఇంత గొడవ దేనికి?

9. కాకినాడ సివిల్

ఖర్చు ముందు. గుంట అంతా కాంక్రీటు పోయక్కర్లేదు. 4 అడుగుల చదరం పలక, అడుగు మందం, నేలకి మూడున్నర అడుగుల కింద ఉండేలా పోసి, పైన మట్టి బాగా దిమ్మిస కొట్టి నింపండి. పలక మీద కూర్చున్న మట్టి కూడా మీ పక్షానే ఉంటుంది. నీళ్లలో మునిగినా రెండూ కలిపి టన్నున్నర దాకా వస్తుంది. కాంక్రీటు ఒక్కో స్తంభానికి 16 ఘనపుటడుగులు, ఇప్పుడు పోస్తున్న దాని కన్నా పదకొండున్నర ఎక్కువ. 14 స్తంభాలకి కలిపి నాలుగున్నర ఘనపు మీటర్లు. మీటరుకి 6 వేలు వేసుకున్నా 27 వేలు. 1,800 అడుగుల షెడ్డుకి అడుగుకి 15 రూపాయలు. కింద జాలీ కడ్డీ, తవ్వకం, మంచి బోల్టులు కలుపుకోండి. అప్పుడు కూడా మీరు భయపడిన వంద దగ్గరికి రాదు.

రెండో ప్రశ్నకి జవాబు ఉంది, కానీ కాస్త ఆగి రాస్తాను. పాత పుస్తకం తీసి ఆ వాక్యం మళ్లీ చదవాలి.

10. లంక రైతు

మాది రాజోలు వైపు గోదావరి లంక. 1996 నవంబరు 6 రాత్రి నాకు తొమ్మిదేళ్లు. మా తాత పశువుల పాక తాటాకుది, నాలుగు వైపులా వాలు. గాలి మొదలవగానే తాత చేసిన మొదటి పని పశువుల్ని కట్టేసిన పలుపులు కోసేయడం. ముడి విప్పడానికి కూడా ఆగలేదు, కత్తిపీట పట్టుకెళ్లి కోసేశాడు. ఆకంతా లేచిపోయింది. పొద్దున చూస్తే నిట్రాటలు (పాకని మోసే నిలువు స్తంభాలు), దూలం అలాగే ఉన్నాయి. నిట్రాట మనిషి నడుం లోతు పాతేవాళ్లు మరి. పశువులు మెరక మీద నిలబడి ఉన్నాయి. తోటలో కొబ్బరిచెట్లు మాత్రం వరసలకి వరసలు పడిపోయాయి.

ఆకు లేచిపోతే ఎవరికీ ఏమీ కాదు. రేకు లేస్తే ఎగిరే కత్తి. ఆ తేడా మనం మర్చిపోయాం. నేను పాకని వెనక్కి తెమ్మనడం లేదు, తాటాకు ఇప్పుడు దొరకదు, కప్పేవాళ్లూ లేరు. కానీ పాతకాలం లోతు మాత్రం వదలకూడదు. ప్రభుత్వం పల్లె పండుగలో సబ్సిడీ మీద ఇచ్చిన పశువుల షెడ్లు, మినీ గోకులాలు, మా వైపూ వచ్చాయి, మంచి పనే. అవి లంకలో కట్టినా మెరకలో కట్టినా పునాది ఒకటే. వరద మట్టిలో అదే గుంట చాలుతుందా అన్నది సంఘం వాళ్లు అడగాలి.

11. విశ్రాంత లైన్‌మ్యాన్

నా ఉద్యోగం అంతా ఈ డెల్టాలోనే, స్తంభాల మీదే గడిచింది. లైను గురించి ఒక్క లైనులో తేల్చేశారు, అది చాలదు.

11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైనుకీ కట్టడానికీ మధ్య పక్కకి కనీసం 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఎడం ఉండాలన్నది నిబంధన. 3.7 అంటే 12 అడుగులు. చాలా ఎడం ఉందిలే అనుకుంటారు. ఇనప పైపు పొడుగు 20 అడుగులు. షెడ్డు మీద నిలబడి దాన్ని నిలువుగా లేపినవాడికి ఆ 12 అడుగులు ఏ మూలకి? తగలక్కర్లేదు, బాగా దగ్గరకొస్తే చాలు లాగేస్తుంది. రొయ్యల చెరువుల మీద లైన్లు ఇంకా కిందకి జారి ఉంటాయి, గట్టు ఎత్తు చేసినప్పుడల్లా ఎడం తగ్గిపోతుంది. ఎవరూ కొలవరు.

కరెంటు వాళ్ల 1912కి ఫోను చేయండి, లేదా సెక్షన్ ఆఫీసుకి వెళ్లి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని అయ్యేదాకా లైనులో కరెంటు ఆపడం) అడగండి. పొలం మోటార్లు ఆగిపోతాయని పక్క రైతులు గోల చేస్తారు, అందుకే ఎవరూ అడగరు. ముందు రోజే చెప్పి పొద్దున రెండు గంటలు తీసుకుంటే ఆ రెండు గంటల్లో ఇనుము అంతా లేపేయొచ్చు. రేకులు బిగించడం తర్వాత. ఫ్యూజు పీకి పని చేయించే ప్రైవేటు కుర్రాళ్ల మాట మాత్రం నమ్మొద్దు. ఏ ఫీడరు నుంచి ఎక్కడ వెనక్కి కరెంటు వస్తుందో వాళ్లకి తెలీదు.

12. భీమవరం చెరువు గట్టు

అందరూ ఇనుము గురించి మాట్లాడారు, నేను ఉప్పు గురించి చెప్తాను. మొన్న తుపానుకి మా మేత గోడౌన్ రేకులు ఒక వైపు మొత్తం లేచాయి. కింద పడిన జే బోల్టు (రేకుని పర్లిన్‌కి పట్టి ఉంచే కొక్కెం బోల్టు) ఒకటి తీసి చూశాను. 8 మిల్లీమీటర్ల బోల్టు. పైన వాషరు బాగుంది, కింద కొక్కెం బాగుంది. వాషరుకి కింద, రేకు చిల్లులో ఇరుక్కున్న భాగం మాత్రం అగ్గిపుల్లంత అయిపోయింది. బయటికి ఏమీ కనపడదు. చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరిగినంతసేపూ ఉప్పునీటి తుంపర గాలిలో ఉంటుంది, అదంతా ఆ చిల్లులోనే చేరుతుంది. వేసి ఆరేళ్లు కాలేదు. మా వైపు మంచి గాల్వనైజింగ్ (జింకు పూత) బోల్టు తప్పనిసరి అని రాయండి. చూరు దగ్గర, రెండు చివర్లలో బోల్టులు దగ్గర దగ్గరగా వేయాలి, గాలి ముందు పట్టుకునేది అక్కడే.

ఇంకో మాట చెప్పాలి. ఆ రాత్రి ఆ గోడౌన్‌లో కాపలా ఉండే కుటుంబం ఉండాలి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మేత బస్తాల పక్కనే ఇటుక గోడ అడ్డం పెట్టి ఒక గది చేశాం, పైన అదే రేకు. తుపాను హెచ్చరిక వచ్చిందని సాయంత్రమే బడిలోకి పంపించాం కాబట్టి సరిపోయింది. పొద్దున ఆ గదిలో మంచం మీద రేకు ముక్క నిలువుగా దిగి ఉంది. నేను ఆ ఫొటో ఎవరికీ పంపలేదు. చూడాలంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

13. కాకినాడ సివిల్

నేను రాయాలనుకున్న జవాబు గట్టు గారే చెప్పేశారు.

ప్రమాణంలో ఆ తగ్గింపు ఎవరికంటే, కూలినా ప్రాణానికీ ఆస్తికీ పెద్దగా ముప్పు లేని కట్టడాలకి. ఉదాహరణగా చెప్పింది చెట్ల మధ్య విడిగా ఉన్న టవర్లు, నివాసం కాని వ్యవసాయ కట్టడాలు. వాటికి 25 ఏళ్ల ఆయుష్షు లెక్కేసుకుని గాలివేగం తగ్గించారు. నివాసం కాని అన్న మాట చూడండి. ఎవరూ పడుకోని షెడ్డుకి అది న్యాయమే. కానీ మన డెల్టాలో కోళ్ల ఫారం చివర గదిలో కూలీ కుటుంబం ఉంటుంది. చెరువు గట్టు మీద గోడౌన్‌లో కాపలా మనిషి ఉంటాడు. షెడ్డు ఒకటే, కప్పు ఒకటే. కాగితం మీద అది పొలం షెడ్డు, రాత్రి 9 దాటితే ఇల్లు.

అనపర్తి రైతు గారూ, అందుకే ఆ తగ్గింపు మీకు ఇవ్వకూడదంటాను. 0.90 తీసేస్తే ఒత్తిడి దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. ఇదే ప్రమాణంలో తూర్పు తీరంలో 60 కిలోమీటర్ల పట్టీకి తుపాను గుణకం అని విడిగా పెట్టారు. ఆసుపత్రులు, బడుల వంటి తుపాను తర్వాత అక్కరకొచ్చే భవనాలకి 1.30, పరిశ్రమలకి 1.15, మిగతా అన్నిటికీ 1.00. పొలం షెడ్డు ఆ మిగతా అన్నిటిలో పడిపోయింది. ఫ్యాక్టరీలో యంత్రానికి ఇచ్చిన గుణకం గోడౌన్‌లో పడుకున్న పిల్లలకి లేదు.

14. పాలకొల్లు టు లీడ్స్

పుట్టింది పాలకొల్లు, ఉద్యోగం ఇంగ్లాండులో, ఉక్కు కట్టడాల డ్రాయింగులు గీస్తాను. ఇక్కడ వ్యవసాయ కట్టడాలకి బీఎస్ 5502 అని విడిగా ప్రమాణం ఉంది. అందులో షెడ్డుని తరగతులుగా విడగొట్టారు. లోపల ఎంతమంది, రోజుకి ఎంతసేపు ఉంటారు, రోడ్డుకీ ఇళ్లకీ ఎంత దూరం అన్నదాన్ని బట్టి తరగతి. మనుషులు ఎంతసేపైనా ఉండొచ్చు అనుకున్నది ఒకటో తరగతి, దానికి 50 ఏళ్ల ఆయుష్షుతో డిజైన్ చేయాలి. మనుషులు తక్కువసేపు ఉండేవాటికి తక్కువ. గట్టు గారి గోడౌన్ ఇక్కడ అయితే ఒకటో తరగతిలోకి వస్తుంది.

ఇక్కడ కూడా ఇలా కట్టేవాళ్ల సంఘం ఉంది, రిడ్బా అంటారు. 2014 జులై 1 నుంచి ఉక్కు చట్రాలకి సీఈ మార్కు (యూరప్ ప్రమాణాలకి సరిపోయిందని చెప్పే గుర్తు) తప్పనిసరి అయింది. 2015లో వచ్చిన సీడీఎం అనే నిర్మాణ భద్రత నిబంధనల ప్రకారం షెడ్డు కట్టించుకునే రైతుకి కూడా బాధ్యత ఉంది, కాంట్రాక్టరు మీదకి తోసేయడానికి లేదు. పగిలిపోయే కప్పు దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టాలని 2005 నుంచే నిబంధన. ఇంత ఉన్నా పాత సిమెంటు రేకుల మీంచి పడిపోవడం ఇక్కడి పొలాల్లోనూ ఆగలేదు. కోడలు గారి మాట చదివాక ఆ బోర్డు సంగతి ముందు రాయాలనిపించింది. మన దగ్గర బోర్డు తయారీకి రెండు వందలు కూడా కాదు.

15. కొబ్బరితోట కోడలు

బోర్డు మా షెడ్డుకి నేనే రాసి పెడతాను. రంగు డబ్బా ఇంట్లోనే ఉంది.

ఒకటి అడుగుతాను. మా మరిదికి ఏ బీమా లేదు. సొంత షెడ్డు ఎక్కాడు కాబట్టి ఎవర్నీ అడగడానికీ లేదు. కూలికి వచ్చేవాళ్ల సంగతి ఏంటి?

16. ఉండి వెల్డింగ్ కుర్రాడు

అక్కా, ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు పోతాయి, ప్రమాదంలో మనిషి పోయినా, పూర్తిగా పనికి రాకుండా పోయినా 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల లోపు ఎవరైనా చేరొచ్చు. 2 లక్షలు ఏం సరిపోతాయి అంటారు, నిజమే, కానీ మా బ్యాచ్‌లో అది కూడా లేనివాళ్లే ఎక్కువ. ఇవాళ నలుగురి చేత కట్టించాను. భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు కూడా తీసుకోవాలి, ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించాలి. షెడ్డు పని కూడా అందులోకి వస్తుందని చాలామందికి తెలీదు. సంఘం మేస్త్రులు ఆ 90 రోజులకి సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. వినతిపత్రం పైవాళ్లకే కాదు అన్నా, మీ సంఘానికి కూడా ఒకటి కావాలి.

17. తణుకు షెడ్డు మేస్త్రి

తమ్ముడు చెప్పింది నిజం. నిన్న సాయంత్రం సంఘం కూర్చుంది. ఈ చర్చంతా ఫోనులో చదివి వినిపించాను. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు మాత్రం ఒప్పుకున్నారు. 90 రోజుల సంతకం పెట్టని మేస్త్రికి సంఘంలో చోటు లేదని తీర్మానం రాసుకున్నాం.

వినతిపత్రం తిరగరాశాం. మొదటి పేరా పాత రేకులు, బోర్డు. రెండోది ఎల్‌సీ, లైన్‌మ్యాన్ పెద్దాయన చెప్పినట్టే రెండు గంటల పొద్దుటి సమయం. మూడోది పునాది, నీటిమట్టం లెక్కతో. కొత్తగా పెట్టిన పేరా ఇలా ఉంది, చూసి తప్పులుంటే చెప్పండి:

"తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ఏ వ్యవసాయ షెడ్డులోనైనా రాత్రిపూట మనుషులు ఉంటే, దాన్ని నివాసంగానే లెక్కించి గాలి భారం వేయాలి. వ్యవసాయ కట్టడం అన్న తగ్గింపు దానికి ఇవ్వకూడదు. లేదా ఆ మనుషులు ఉండే గదికి షెడ్డుతో సంబంధం లేకుండా విడిగా గోడలు, స్లాబు ఉండాలి. సబ్సిడీ, బ్యాంకు రుణం ఇచ్చే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగాలి: ఇందులో ఎవరైనా పడుకుంటారా?"

18. కాకినాడ సివిల్

బాగుంది. నివాసంగానే అన్న చోట 50 ఏళ్ల ఆయుష్షుతో అని కూడా చేర్చండి, అప్పుడు 0.90 దానంతట అదే పోతుంది. నమూనా డ్రాయింగులు మూడు సైజులకి నేను గీసిస్తాను, డబ్బు వద్దు.

19. అనపర్తి కోళ్ల రైతు

మేస్త్రి గారూ, రాత్రి భోజనం అయ్యాక టార్చి పట్టుకుని ఫారం చివరికి వెళ్లాను. మా దగ్గర పనిచేసే కుటుంబం ఉండే గది చూశాను. పదేళ్లలో లోపలికి వెళ్లడం ఇదే మొదలు. గోడ తొమ్మిది అంగుళాలది, గట్టిగానే ఉంది. పైన మాత్రం షెడ్డు రేకే, గదికీ ఫారానికీ కలిపి ఒకే పర్లిన్. ఉయ్యాల ఆ పర్లిన్‌కే కట్టారు.

ఖర్చు గురించి నేను మొదట అన్నది వెనక్కి తీసుకోను, 9 లక్షలు అయితే మోయలేను. కానీ ఈ గదికి స్లాబు వేయించగలను. 12 అడుగులు, 10 అడుగులు. ఎప్పుడు వస్తారు?

20. తణుకు షెడ్డు మేస్త్రి

గురువారం పొద్దున ఆరుకల్లా వస్తానండి. గది మీద రేకు అంత మేర కోసి, ఫారం పర్లిన్ని గోడకి ఇవతలే ఆపేస్తాం. ఫారం మీదుగా లైను ఏదైనా వెళ్తుంటే బుధవారమే ఎల్‌సీకి చెప్పించండి. ఉయ్యాల ముందే విప్పించండి. రేకు దించేటప్పుడు పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.